‘ఐదేళ్ల బాబు’ను ఇంగ్లీషులో ఎలా రాయాలి? ‘ఇయర్ ఓల్డ్’ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ఒక ఇంగ్లీషు పత్రిక డెస్కులో పనిచేశాను. జిల్లాల నుంచి వచ్చే వార్తలు దిద్దడం నా పని. ప్రమాదమైనా, పరీక్షల్లో ర్యాంకయినా, రెండో వాక్యంలో ఎవరిదో ఒకరి వయసు ఉంటుంది. సరిగ్గా ఆ వయసు దగ్గరే నా ఎర్ర పెన్ను ఆగేది. ‘ఎ ట్వెంటీ ఇయర్స్ ఓల్డ్ స్టూడెంట్’ అని ఉండేది. ఉద్యోగం మానేశాక కూడా తెలిసినవాళ్ల రెజ్యూమెలు, వాళ్ల పిల్లల వ్యాసాలు దిద్దిపెడుతుంటే అదే తప్పు, అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఇంగ్లీషు మాటల్ని కూడా తెలుగు లిపిలోనే రాశాను. హైఫన్ ఉండాల్సిన చోట హైఫన్ పెట్టాను, అక్కర్లేని చోట పెట్టలేదు. ఆ చిన్న గీతల్ని కాస్త గమనిస్తూ చదవండి.

అసలు ఏది కరెక్టు? ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అనాలా, ‘ఫైవ్ ఇయర్ ఓల్డ్’ అనాలా?

రెండూ కరెక్టే. ఏది ఎక్కడ వాడాలన్నదే సమస్య.

వయసు వాక్యం చివర, ‘ఈజ్’, ‘వాజ్’ లాంటి క్రియ తర్వాత వస్తే ‘మై సన్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అని రాయాలి. ‘ఇయర్స్’లో ఎస్ ఉంటుంది, హైఫన్లు ఉండవు. అదే వయసు మనిషి కంటే ముందు వచ్చి, ఆ మనిషిని వర్ణిస్తే ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’ అవుతుంది. ఎస్ పోతుంది, రెండు హైఫన్లు వస్తాయి.

గుర్తుపెట్టుకోవడానికి మన తెలుగే సాయం చేస్తుంది. ‘మా బాబుకి ఐదేళ్లు’ అంటాం, ‘ఐదేళ్ల బాబు’ అంటాం. మనసులో ‘ఏళ్లు’ అని వినపడితే ‘ఇయర్స్’, ‘ఏళ్ల’ అని వినపడితే ‘ఇయర్’. వయసుల వరకు ఈ కిటుకు నన్నెప్పుడూ మోసం చేయలేదు. అనుభవం, సెలవుల దగ్గర మాత్రం చేస్తుంది. ఆ సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

ఐదేళ్లంటే ఐదు కదా! దాన్ని ‘ఇయర్’ అని ఏకవచనంలో రాయడం తప్పు లెక్క కాదా?

చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ బడిలో చదువుకున్న సమాసాలు ఒకసారి గుర్తుచేసుకోండి. ‘పంచవర్ష ప్రణాళిక’ అంటాం. వర్షాలు ఐదైనా ‘పంచవర్షాల ప్రణాళిక’ అని ఎవరూ అనరు. సమాసం లోపలికి వెళ్లాక మాట తన విభక్తినీ, బహువచనాన్నీ గుమ్మం బయట వదిలేస్తుంది. 1951లో మన దేశంలో మొదలైన ఆ ప్రణాళికని ఇంగ్లీషులో ‘ఫైవ్-ఇయర్ ప్లాన్’ అంటారు. అక్కడా ఎస్ లేదు. సంస్కృతం వైపు నుంచి వచ్చిన పేరూ, ఇంగ్లీషు పేరూ ఒకే పద్ధతి పాటించాయి.

ఇంగ్లీషుకి ఈ పద్ధతి ఎలా వచ్చిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా నామవాచకాలకు మనలాగే విభక్తులుండేవి. అడుగు అంటే ‘ఫుట్’, అడుగులు అంటే ‘ఫీట్’ కదా. ‘అడుగుల’ అని చెప్పడానికి అప్పట్లో వేరే రూపం ఉండేది, రమారమి ‘ఫోట’ అని. ఆరు అడుగుల మనిషి అన్నప్పుడు ఆ ‘ఫోట’ వాడేవాళ్లు. అంటే అచ్చం మన ‘అడుగుల’ లాంటిదే, బహువచనంలో షష్ఠి. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు మాటల చివరి అచ్చులు అరిగిపోయాయి. ‘ఫోట’ చివర ఉన్న ‘అ’ కూడా అరిగింది. మిగిలినది ‘ఫుట్’ లాగే వినపడసాగింది. దాంతో జనం అది ఏకవచనమే అనుకున్నారు. ‘సిక్స్-ఫుట్ మ్యాన్’ అలా నిలబడిపోయింది. సంవత్సరాలు, మైళ్లు, రోజులు అన్నీ ఆ దారిలోనే నడిచాయి.

మనం మన ‘ల’ను కాపాడుకున్నాం, వాళ్లు పోగొట్టుకున్నారు. కాబట్టి ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ అని రాసే తెలుగువాడు తెలివితక్కువగా రాయడం లేదు. ఇంగ్లీషు ఎప్పుడో మరిచిపోయిన పద్ధతిని తన భాష అలవాటుకొద్దీ పాటిస్తున్నాడు. అయినా దిద్దక తప్పదు, అది వేరే విషయం.

నియమం తెలుసు. అయినా రాసేటప్పుడు ఎస్ దానంతటదే వచ్చేస్తోంది. ఏం చేయను?

మీకు తెలియకుండానే మీరు రోజూ సరిగ్గా అంటున్న మాటలు తలుచుకోండి. బండిని ‘టూ వీలర్’ అంటారు, ‘టూ వీల్సర్’ అనరు. మోటారుకి ‘త్రీ ఫేజ్ కరెంట్’ ఉందా అని అడుగుతారు, ‘త్రీ ఫేజెస్’ అనరు. ‘ఫైవ్ స్టార్ హోటల్’, ‘ఫోర్ లేన్ రోడ్డు’, ‘ఫైవ్ డే టెస్ట్’. చదువురాని వాళ్లు కూడా వీటిలో ఎస్ పెట్టరు. ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్’ కూడా ఆ వరుసలో మాటే.

హనుమకొండలో వేయి స్తంభాల గుడి ఉంది. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించినది. ఇంగ్లీషులో దాని పేరు ‘థౌజండ్ పిల్లర్ టెంపుల్’. స్తంభాలు వెయ్యి అని పేరులోనే చెప్పి కూడా ‘పిల్లర్’ దగ్గర ఎస్ పెట్టలేదు. హైదరాబాద్ వెళితే చార్మినార్ ఉంది. ‘చార్’ అంటే నాలుగు, ‘మినార్’ మాత్రం ఏకవచనమే. ఫారసీలో అంకె తర్వాత బహువచనం అక్కర్లేదు. అంకె చెప్పాక ఇంకా బహువచనం ఎందుకని అనుకున్న భాష ఇంగ్లీషు ఒక్కటే కాదు.

హైఫన్లు ఎన్ని? పెట్టకపోతే కొంపలు మునుగుతాయా?

నామవాచకానికి ముందైతే రెండు: అంకెకీ ‘ఇయర్’కీ మధ్య ఒకటి, ‘ఇయర్’కీ ‘ఓల్డ్’కీ మధ్య ఒకటి. ఒకటి పెట్టి ఒకటి వదిలేయడమే నేను ఎక్కువగా చూసే తప్పు. ‘ఫైవ్ ఇయర్-ఓల్డ్’, ‘ఫైవ్-ఇయర్ ఓల్డ్’ రెండూ సగం కట్టిన గోడలే. హైఫన్‌కి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. కీబోర్డులో సున్నా పక్కన ఉండే చిన్న గీత చాలు, పొడుగు గీత అక్కర్లేదు.

మునిగే కొంప ఒకటుంది. ఈ మూడూ చూడండి.

‘ట్వెంటీ ఫైవ్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్’ అంటే ఇరవై మంది ఐదేళ్ల పిల్లలు.

‘ట్వెంటీ-ఫైవ్ ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్’ అంటే పాతికమంది ఏడాది పిల్లలు.

‘ట్వెంటీ-ఫైవ్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్’ అంటే పాతికేళ్లు వచ్చినా పిల్లలే. ఏ తల్లిని అడిగినా ఇదే నిజమంటుంది గానీ, వార్తలో రాయకూడదు.

హైఫన్ తప్ప ఏమీ మారలేదు. పిల్లల సంఖ్యా మారిపోయింది, వయసూ మారిపోయింది. ఇలాంటి చోట సంఖ్యనీ వయసునీ విడదీసి ‘ట్వెంటీ చిల్డ్రన్, ఆల్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అని రాసేయడం ఇంకా మేలు.

‘బాయ్’, ‘గర్ల్’ లాంటి మాట లేకుండా ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్’ అని ఒక్కటే రాయవచ్చా?

రాయవచ్చు. అప్పుడు అదే నామవాచకం అవుతుంది. ‘మై ఫైవ్-ఇయర్-ఓల్డ్ హేట్స్ మిల్క్’ అంటే ‘మా ఐదేళ్ల బుడ్డోడికి పాలంటే గిట్టదు’ అని. పక్కన మనిషి మాట లేదు కదా అని హైఫన్లు తీసేయకండి, అవి అలాగే ఉండాలి.

ఎక్కువమంది అయితే ఎస్ చివర ‘ఓల్డ్’కి తగులుతుంది: ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్స్’. మధ్యలో ‘ఇయర్స్’ అనకూడదు. ‘పంచపాండవులు’లో ‘లు’ చివరే వచ్చినట్టు. వాడి బ్యాగు గురించి చెప్పాలంటే అపాస్ట్రఫీ కూడా చివరే: ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్’స్ బ్యాగ్’.

‘ఎ’ పెట్టాలా, ‘యాన్’ పెట్టాలా?

వయసు అంకెను పైకి చదివి చూడండి. అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’. 8, 11, 18 మూడింటికీ ‘యాన్’. ఎనభై నుంచి ఎనభై తొమ్మిది దాకా అన్నిటికీ ‘యాన్’. మిగతా వాటికి ‘ఎ’. ఒకటి దగ్గర జాగ్రత్త. స్పెల్లింగ్ ‘ఓ’ అక్షరంతో మొదలైనా పలకడం ‘వ’తో కాబట్టి ‘ఎ వన్-ఇయర్-ఓల్డ్’.

ఇక్కడ మన నాలుక ఒక మోసం చేస్తుంది. తెలుగులో మాట మొదట్లో ‘ఎ’ వస్తే చాలామంది ముందు ఒక ‘య’ చేరుస్తారు. ‘ఎవరు’ కాస్తా ‘యెవరు’ అవుతుంది. అలాగే 8ని ‘యెయిట్’ అంటాం, 11ని ‘యెలెవెన్’ అంటాం. మన చెవికి అది హల్లులా వినపడుతుంది కాబట్టి ‘ఎ యెయిటీన్-ఇయర్-ఓల్డ్’ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నాకూ చాలా ఏళ్లు అలాగే అనిపించింది. ఇది చెవిని నమ్మకూడని చోటు. ఆ అంకెల్ని బట్టీ పట్టేయండి.

అంకెల్లో రాయాలా, అక్షరాల్లోనా?

ఎక్కడ రాస్తున్నారన్న దాన్ని బట్టి. అమెరికాలో వార్తాపత్రికలు ఎక్కువగా పాటించే అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతిలో వయసు ఎప్పుడూ అంకెల్లోనే, ‘5-ఇయర్-ఓల్డ్’ అని. పుస్తకాల వాళ్లు పాటించే షికాగో పద్ధతిలో మామూలుగా వంద దాకా అక్షరాల్లో రాస్తారు. పరీక్ష వ్యాసాల్లో అక్షరాలు, ఆఫీసు ఈమెయిళ్లలో అంకెలు రాయడం నా అలవాటు. వాక్యం అంకెతో మొదలుపెట్టడం మాత్రం బాగుండదు. అంకెల్లో రాసినా హైఫన్లు పోవు.

ఏడాదిన్నర పాప? ఆరు నెలల బాబు?

ఆరు నెలల బాబు సులువు: ‘సిక్స్-మంత్-ఓల్డ్ బేబీ’. ‘మంత్స్’ కాదు.

ఏడాదిన్నర అంటే వాక్యం చివర ‘షి ఈజ్ వన్ అండ్ ఎ హాఫ్ ఇయర్స్ ఓల్డ్’. ఒకటి దాటింది కాబట్టి ‘ఇయర్స్’. ముందు పెట్టాలంటే ‘వన్-అండ్-ఎ-హాఫ్-ఇయర్-ఓల్డ్’ అని రైలుబండి అంత అవుతుంది. తప్పు కాదు గానీ చదవలేం. ‘18-మంత్-ఓల్డ్’ అనేస్తే హాయి. రెండేళ్ల లోపు పిల్లల వయసు నెలల్లో చెప్పడం ఇంగ్లీషులో మామూలే.

రోజుల వయసు మాట మన కోళ్ల ఫారాల వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు. హేచరీ నుంచి దిగే పిల్లల్ని ‘డే ఓల్డ్ చిక్స్’ అంటారు. రాసేటప్పుడు ‘డే-ఓల్డ్ చిక్స్’. ‘వన్’ కూడా అక్కర్లేదు, హైఫన్ ఒక్కటే చాలు.

ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు పోటీ అని రాయాలి. ఎలా?

‘ఫైవ్- టు సెవెన్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్’. మొదటి అంకె పక్కన హైఫన్ ఒంటరిగా వేలాడుతుంది, దాని తర్వాత ఖాళీ ఉంటుంది. ‘మిగతా మాట ముందుంది, ఆగు’ అని దాని అర్థం. ‘ఐదేళ్లు, ఆరేళ్ల పిల్లలు’ అన్నా అంతే: ‘ఫైవ్- అండ్ సిక్స్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్’. ఆ వేలాడే హైఫన్ చూస్తే ప్రింటింగ్ తప్పేమో అనిపిస్తే ‘చిల్డ్రన్ ఏజ్డ్ ఫైవ్ టు సెవెన్’ అని రాసుకోండి. పోటీల నోటీసుకి అదే బాగుంటుంది.

పుట్టి రెండు రోజులైన పాపను ‘ఓల్డ్’ అనడమేమిటండీ? ఓల్డ్ అంటే ముసలి కదా?

ఈ ప్రశ్న మా పక్కింటి పెద్దావిడ అడిగారు. ‘ఓల్డ్’ మూలంలోకి వెళితే దాని అర్థం ‘పెరిగిన’ అని. పోషించడం, పెరగడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట. ముసలితనం తర్వాత వచ్చి చేరింది. కాబట్టి ‘టూ డేస్ ఓల్డ్’ అంటే ‘రెండు రోజులు ఎదిగిన’ పాప. ఆవిడకి ఇలా చెబితే, ‘అయితే ఫర్వాలేదు’ అన్నారు.

మనుషులకేనా, గుళ్లకీ భవనాలకీ కూడా వాడవచ్చా?

దేనికైనా వాడవచ్చు. చట్టానికి, చెట్టుకి, కేసుకి, కంపెనీకి. కానీ పాత కట్టడాల దగ్గర రెండు చిక్కులున్నాయి.

ఒకటి, ‘నాలుగు వందల ఏళ్లు దాటిన చార్మినార్’ లాంటి వాక్యం. ‘ఎ మోర్ దాన్ 400-ఇయర్-ఓల్డ్ మాన్యుమెంట్’ అని రాస్తే నడక కుంటుతుంది. ‘ది చార్మినార్ ఈజ్ మోర్ దాన్ 400 ఇయర్స్ ఓల్డ్’ అనండి. లేదంటే ‘బిల్ట్ ఇన్ 1591’ అని సంవత్సరమే చెప్పేయండి. సంవత్సరం చెబితే ఇంకో లాభం కూడా ఉంది. వచ్చే ఏడాది ఆ పేజీని మళ్లీ దిద్దే పని ఉండదు.

రెండోది, ఇప్పటిదాకా చెప్పిన నియమానికి ఎదురు తిరిగినట్టు కనపడేది. 1918లో మొదలైన ఉస్మానియాను ‘సెంచరీ-ఓల్డ్ యూనివర్సిటీ’ అనవచ్చు. మరి వేయి స్తంభాల గుడిని? ‘సెంచరీస్-ఓల్డ్ టెంపుల్’. ఇక్కడ బహువచనం కరెక్టే! ఎందుకంటే ముందు అంకె లేదు. అంకె ఉంటే ఎన్నో అదే చెబుతుంది కాబట్టి ఎస్‌తో పని లేదు. అంకె లేనప్పుడు ‘చాలా’ అనే భావాన్ని ఎస్ ఒక్కటే మోయాలి. ‘డికేడ్స్-ఓల్డ్ డిమాండ్’ అంటే దశాబ్దాల నాటి డిమాండ్, ‘ఇయర్స్-ఓల్డ్ డిస్ప్యూట్’ అంటే ఏళ్ల తరబడి సాగుతున్న తగాదా. అంకె వచ్చిందా, ఎస్ పోతుంది: ‘టెన్-ఇయర్-ఓల్డ్ డిస్ప్యూట్’.

‘పదేళ్ల లోన్’ని ‘టెన్-ఇయర్-ఓల్డ్ లోన్’ అనవచ్చా?

ఆగండి, డబ్బు విషయం. తెలుగులో ‘పదేళ్ల లోన్’ అంటే రెండు అర్థాలు రావచ్చు. పదేళ్ల కిందట తీసుకున్నదా, పదేళ్లలో తీర్చాల్సిందా అన్నది మాటల సందర్భం చెప్పాలి. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. ‘టెన్-ఇయర్-ఓల్డ్ లోన్’ అంటే తీసుకుని పదేళ్లయింది. ‘టెన్-ఇయర్ లోన్’ అంటే గడువు పదేళ్లు. నిన్న తీసుకున్నా అది ‘టెన్-ఇయర్ లోన్’ కావచ్చు.

అలాగే ‘త్రీ-ఇయర్ డిగ్రీ’ మూడేళ్లు చదివేది, ‘త్రీ-ఇయర్-ఓల్డ్ డిగ్రీ’ చేతికొచ్చి మూడేళ్లయినది. విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు రాస్తున్న ఒకబ్బాయి ‘ఐ హ్యావ్ ఎ ఫోర్ ఇయర్స్ ఓల్డ్ డిగ్రీ’ అని రాశాడు. వాడు చెప్పదలుచుకున్నది నాలుగేళ్ల బీటెక్ అని. చదివినవాళ్లకి మాత్రం ఈ నాలుగేళ్లూ వీడు ఏం చేశాడన్న అనుమానం వస్తుంది. ‘ఓల్డ్’ పెట్టే ముందు, అది వయసా వ్యవధా అని ఒక్కసారి అడుక్కోండి.

రెజ్యూమెలో ‘ఐదేళ్ల అనుభవం’ ఎలా రాయాలి? అక్కడా ఎస్ తీసేయాలా?

తీయకూడదు. పైన చెప్పిన కిటుకు మోసం చేసేది ఇక్కడే.

‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాస్తే ఏ గొడవా లేదు. నేను అందరికీ అదే చెబుతాను. ‘ఆఫ్’ తీసేస్తే దాని బదులు అపాస్ట్రఫీ రావాలి, అదీ ఎస్ తర్వాత: ‘ఫైవ్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్’. ఏడాది అనుభవమే ఉంటే అపాస్ట్రఫీ ఎస్ కంటే ముందు: ‘వన్ ఇయర్’స్ ఎక్స్‌పీరియన్స్’. అపాస్ట్రఫీ లేకుండా రాసిన రెజ్యూమెలే ఎక్కువ. దానివల్ల ఎవరికీ ఉద్యోగం పోయిందని నేను వినలేదు. కానీ ఎడిటింగ్ ఉద్యోగానికి పెడుతూ అలా రాయకండి.

తేడా ఎందుకంటే, అనుభవం అన్నది ఇంగ్లీషులో లెక్కపెట్టలేని వస్తువు, బియ్యం లాంటిది. ‘ఎ ఫైవ్-ఇయర్ కోర్స్’ అన్నప్పుడు కోర్సు ఒకటి, ముందు ‘ఎ’ పెట్టవచ్చు. ‘యాన్ ఎక్స్‌పీరియన్స్’ అని ఈ అర్థంలో అనలేం. ముందు ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ పెట్టగలిగితే హైఫన్ దారి, పెట్టలేకపోతే అపాస్ట్రఫీ దారి.

సెలవు చీటీ కూడా ఇంతే. ‘టూ డేస్’ లీవ్’ లేదా ‘లీవ్ ఫర్ టూ డేస్’. ఊరికి వెళ్లొచ్చిన సంగతి రాస్తే ‘ఎ టూ-డే ట్రిప్’. రాజీనామా అయితే ‘టూ మంత్స్’ నోటీస్’.

‘ఏజ్డ్ ఎబౌట్ 45 ఇయర్స్’ అని కోర్టు కాగితాల్లో ఉంటుంది. అది తప్పా?

తప్పు కాదు. కోర్టు కాగితాలకూ పోలీసు కాగితాలకూ తమదైన మూస ఉంది. తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం, అన్నీ కామాలతో ఒక వరుసలో వస్తాయి. ఆ మూసలో అది సరిపోతుంది. ఆ మూసను ఎత్తుకొచ్చి మామూలు రాతలో పెట్టినప్పుడే ఇబ్బంది. ‘ఎ ఫార్మర్ ఏజ్డ్ 45’ చాలు. ‘ఎ 45-ఇయర్-ఓల్డ్ ఫార్మర్’ ఇంకా బాగుంటుంది.

‘ఎట్ ది ఏజ్ ఆఫ్ 45 ఇయర్స్ ఓల్డ్’ మాత్రం రాయకండి. ‘ఏజ్’, ‘ఓల్డ్’ ఒకే పని చేస్తాయి, ఇద్దర్నీ ఒకే పనికి పెట్టుకోవడం దండగ. ‘ఎట్ ది ఏజ్ ఆఫ్ 45’ అంటే పూర్తయింది. ‘ఐ యామ్ హ్యావింగ్ 25 ఇయర్స్’ అన్నది ‘నాకు 25 ఏళ్లు ఉన్నాయి’కి మక్కికి మక్కి. ఇంగ్లీషులో వయసు మనకి ఉండదు, మనమే ఆ వయసు: ‘ఐ యామ్ 25’.

‘ఐదు నిండి ఆరు నడుస్తోంది’ని ఎలా చెప్పాలి? ‘సిక్స్ రన్నింగ్’ అనవచ్చా?

‘సిక్స్ రన్నింగ్’ అంటే మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, బయట ఎవరికీ కాదు. ఇంగ్లీషు నిండిన ఏళ్లే లెక్కపెడుతుంది. ఐదు నిండినవాడు ఆరో పుట్టినరోజు ముందు రోజు రాత్రి దాకా ‘ఫైవ్’. నడుస్తోందని చెప్పి తీరాలంటే ‘హి ఈజ్ ఇన్ హిజ్ సిక్స్త్ ఇయర్’ అనవచ్చు. దాన్ని ‘సిక్స్ ఇయర్స్ ఓల్డ్’తో కలపకండి. స్కూలు అడ్మిషన్ ఫారాల్లో ఈ ఒక్క ఏడాది తేడా పెద్ద తలనొప్పి.

రూపాయలు, అడుగులు, కిలోలకు కూడా ఇదే పద్ధతా?

ఇదే. ‘ఫైవ్-హండ్రెడ్-రూపీ నోట్’. ఆ నోటు మీద రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన హామీలో ‘ఫైవ్ హండ్రెడ్ రూపీస్’ అనే ఉంటుంది, ఎందుకంటే అక్కడది మొత్తం, వర్ణన కాదు. ‘త్రీ-స్టోరీ బిల్డింగ్’, ‘టెన్-మినిట్ వాక్’.

కిలోల దగ్గర చిన్న మెలిక. మాటగా రాస్తే హైఫన్: ‘25-కిలోగ్రామ్ బ్యాగ్’. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కేజీ అని గుర్తుగా రాస్తే హైఫన్ ఉండదు, ఖాళీ ఉంటుంది: ‘25 కేజీ బ్యాగ్’.

మరి ‘హండ్రెడ్ ఫీట్ రోడ్’ సంగతి?

పుస్తకం ప్రకారం ‘హండ్రెడ్-ఫుట్ రోడ్’ అనాలి. కానీ హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఇంకా చాలా ఊళ్లలో అది ఒక వర్ణన స్థాయి దాటి పేరైపోయింది. పేర్లని దిద్దకూడదు. చిరునామాలో ‘హండ్రెడ్-ఫుట్ రోడ్’ అని రాస్తే కొరియర్ అబ్బాయి ఫోన్ చేస్తాడు.

మాట్లాడేటప్పుడు హైఫన్ వినపడదు కదా. అప్పుడు కూడా పట్టించుకోవాలా?

హైఫన్ వినపడదు, ఎస్ వినపడుతుంది. ఇంటర్వ్యూలో ఎస్ ఒక్కటి చూసుకోండి. టెన్షన్‌లో ఎటు చెప్పాలో తోచకపోతే వయసుని వాక్యం చివరికి నెట్టేయండి. ‘ఐ హ్యావ్ ఎ సన్. హి ఈజ్ ఫైవ్’. అందులో ‘ఇయర్’ కూడా లేదు, తప్పు పోవడానికి చోటే లేదు.

పాప మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఏం రాయించాలి? ‘ఫస్ట్ ఇయర్ బర్త్‌డే’ అనవచ్చా?

‘ఫస్ట్ బర్త్‌డే’ చాలు, ‘ఇయర్’ ఎందుకు? కార్డు మీద ఒక వాక్యం కావాలంటే ‘అవర్ డాటర్ ఈజ్ టర్నింగ్ వన్’. ‘టర్నింగ్ వన్ ఇయర్’ అని సగంలో ఆపకండి. ‘వన్ ఇయర్ ఓల్డ్’ అని పూర్తిగా రాయించవచ్చు. వాక్యం చివర కాబట్టి హైఫన్లు వద్దు, ఒక్క ఏడాదే కాబట్టి ఎస్ కూడా వద్దు. ప్రింటుకి ఇచ్చే ముందు ప్రూఫ్ ఫోన్‌లో పంపమని అడగండి. ఎంత వద్దన్నా ఫ్లెక్సీ షాపులో ఎవరో ఒకరు ఆ ఎస్ మళ్లీ పెడతారు.